హంస గూటికి ఆవలి గట్టున

హంస మొదటి గుడ్డు పెట్టిన నాడే పొదగడం ప్రారంభించదు. ఒక గుడ్డుకూ మరొక గుడ్డుకూ మధ్య దాదాపు రెండు రోజుల ఎడం ఉంటుంది. అయిదు నుంచి ఏడు గుడ్లు పెట్టడం సాధారణం కనుక ఆ పని పూర్తి కావడానికే పది, పన్నెండు రోజులు పడుతుంది. అంతవరకూ ముందు పెట్టిన గుడ్లు చల్లగానే ఉంటాయి. వాటిలోని ప్రాణం పోదు, పెరగదు కూడా. వెచ్చదనం కోసం వేచి ఉంటుంది. చివరి గుడ్డు వచ్చాకే తల్లి స్థిరంగా కూర్చుంటుంది. ఆ క్షణం నుంచి అన్ని గుడ్లకూ ఒకే లెక్క మొదలవుతుంది. సుమారు 36 రోజుల తరువాత, పది రోజుల క్రితం పెట్టిన గుడ్డూ, అందరికంటే చివర పెట్టిన గుడ్డూ ఇంచుమించు ఒకే రోజున పగులుతాయి.

ఈ ఏర్పాటు ఎందుకో తెలియాలంటే మన ప్రాంతపు పక్షులతో పోల్చి చూడాలి. తిరుపతి జిల్లా నేలపట్టులో నీటిలో నిలిచిన చెట్ల మీద గూళ్ళు కట్టే గూడబాతులు మొదటి గుడ్డు పెట్టింది మొదలు పొదుగుతాయి. అందువల్ల పిల్లలు ఒకదాని వెనుక ఒకటిగా పుడతాయి; గూటిలో పెద్దదీ చిన్నదీ ఏర్పడతాయి. తిండి తక్కువైన ఏడు చిన్నది తరచుగా బతకదు. ఆ పిల్లలు ఒంటి మీద ఈకలు లేకుండా, కదలలేని స్థితిలో పుట్టి, వారాల తరబడి గూటిలోనే ఉండి తల్లిదండ్రుల నోటి నుంచి ఆహారం తింటాయి. కనుక పుట్టిన రోజులు వేరైనా గూడు వాటిని కలిపి ఉంచుతుంది. హంసపిల్ల సంగతి వేరు. అది నూగు ఈకలతో, తెరచిన కళ్ళతో పుడుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే తల్లి వెంట నీటిలోకి దిగవలసి ఉంటుంది. ఒక పిల్ల పది రోజులు ముందు పుడితే తల్లి దానిని నీటికి తీసుకువెళ్ళాలా, మిగిలిన గుడ్ల మీద కూర్చోవాలా? ఈ చిక్కు రాకుండా ఆ పక్షి స్వభావంలోనే సృష్టికర్త పరిష్కారం ఉంచాడు.

నేను చెబుతున్నది బ్రిటన్ చెరువులలో, కాలువలలో కనిపించే 'మ్యూట్ స్వాన్' గురించి. మ్యూట్ అంటే మూగది. అయితే అది పూర్తిగా మూగదేమీ కాదు. బుసకొడుతుంది, గురక వంటి శబ్దం చేస్తుంది. ఎగిరేటప్పుడు దాని రెక్కల నుంచి వెలువడే హోరు చాలా దూరం వినిపిస్తుంది. తెల్లని దేహం, నారింజ రంగు ముక్కు, ముక్కు మొదట నల్లని బుడిపె. మగదానికి ఆ బుడిపె మరికొంత పెద్దది. మన రాష్ట్రాలలో ఈ పక్షి సహజంగా నివసించదు. భారతదేశపు ఉత్తర భాగాలకు ఎప్పుడో అరుదుగా దారి తప్పి వస్తుంది. మన కావ్యాలలోని హంస ఏ పక్షి అన్న చర్చ పండితులలో ఉంది. ఏమైనా 'హంసనడక' అన్న పొగడ్త మాత్రం ఈ పక్షికి నప్పదు. కాళ్ళు దేహానికి బాగా వెనుకగా ఉండడం వల్ల నేల మీద అది బరువుగా, అటూ ఇటూ ఒరుగుతూ నడుస్తుంది. దాని సౌందర్యమంతా నీటి మీదే.

ఇంగ్లాండు మధ్య ప్రాంతంలో ఒక చిన్న పట్టణంలో మా అమ్మాయి కుటుంబం నివసిస్తోంది. ఒక వసంతంలో ఏప్రిల్ మొదటి వారం నుంచి జూలై వరకు నేను అక్కడ ఉన్నాను. ఇంటికి పది నిమిషాల నడక దూరంలో పాత సరుకు పడవల కాలువ ఒకటి ఉంది. ఒక గట్టున మనుషులు నడిచే బాట, ఎదుటి గట్టున తుంగ, రెల్లు. ఆ రెల్లు అంచున హంసల జంట గూడు కడుతుండగా చూశాను. బాటకూ గూటికీ మధ్య కాలువ అడ్డుగా ఉండడం నా అదృష్టమనీ, హంసల అదృష్టమనీ అప్పుడే అనిపించింది.

హంస పిచ్చుక మాదిరిగా ఎక్కడెక్కడి నుంచో పుల్లలు మోసుకురాదు. ఉన్న చోటనే నిలిచి, మెడ చాచి, అందిన రెల్లుకాడను లాగి భుజం మీదుగా వెనుకకు వేస్తుంది. కొంచెం జరిగి మళ్ళీ లాగి వెనుకకు వేస్తుంది. మగహంస గూటికి దూరాన మొదలుపెట్టి ఇలా అంచెలంచెలుగా చేరవేస్తుంటే, ఆడహంస గూటిలో కూర్చుని వాటిని తన చుట్టూ అమర్చుకుంటుంది. కొద్ది రోజులకే అది మనిషి పడుకోగలిగినంత వెడల్పుగల దిబ్బగా మారింది. నడుమ చిన్న పల్లం. ఆ పల్లంలోకి లేత ఆకుపచ్చ బూడిద రంగు గుడ్లు ఒక్కొక్కటిగా చేరాయి. ఒక్కో గుడ్డు సుమారు 11 సెంటీమీటర్ల పొడవు; మన కోడిగుడ్లు అయిదారు కలిపితే వచ్చేంత బరువు. తల్లి లేచి ముక్కుతో గుడ్లను తిప్పినప్పుడు మాత్రమే వాటిని లెక్కపెట్టగలం. ఏప్రిల్ 20 నాటికి ఆరు తేలాయి. ఆ తరువాత ఆమె గూడు వదలి దూరం వెళ్ళడం నేను చూడలేదు.

పొదగడం ప్రధానంగా తల్లి పని. ఆ అయిదు వారాలూ ఆమె చాలా తక్కువ తింటుంది, బరువు తగ్గుతుంది. కొద్దిసేపు మేతకు దిగినప్పుడు మగహంస వచ్చి గూటి దగ్గర నిలుస్తుంది. ఒక్కోసారి గుడ్ల మీద కూర్చుంటుంది కూడా. మిగిలిన సమయమంతా అతనిది కాపలా. మరొక హంస ఆ మలుపులోకి వచ్చిందంటే రెక్కలు తెరచాపల వలె పైకెత్తి, మెడ వెనుకకు వంచి, రెండు కాళ్ళతో ఒక్కసారిగా నీటిని నెట్టుతూ దూసుకుపోతాడు. ఆ నీటి చప్పుడు బాట మీదికి వినిపించేది. హంస రెక్క దెబ్బకు మనిషి చేయి విరుగుతుందని ఆ దేశంలో పెద్దలు పిల్లలకు చెబుతారు. పక్షి రెక్కల ఎముకలు తేలికైనవి. ఆ మాటలో భయం పాలు ఎక్కువ, నిజం పాలు తక్కువ. కానీ ఆ భయం పిల్లలను గూటికి దూరంగా ఉంచితే నాకు అభ్యంతరం లేదు.

మా మనవడికి ఎనిమిదేళ్ళు. "నానా, వంతెన దాటి అటు గట్టుకు వెళ్దాం, దగ్గరగా చూద్దాం" అని రోజూ అడిగేవాడు. వాడికి ఒక హదీసు చెప్పాను. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌వూద్ (రజి) ఉల్లేఖించినది, అబూ దావూద్ సంకలనంలో ఉంది. ఒక ప్రయాణంలో సహచరులు ఒక చిన్న పక్షినీ, దాని రెండు పిల్లలనూ చూసి, ఆ పిల్లలను తీసుకున్నారు. తల్లి పక్షి వచ్చి రెక్కలు చాచి వారి మీదుగా కొట్టుకులాడసాగింది. అంతలో దైవప్రవక్త (స) తిరిగివచ్చారు. పిల్లల విషయంలో ఈ పక్షిని బాధపెట్టినది ఎవరని అడిగి, పిల్లలను దానికి తిరిగి ఇచ్చివేయమని ఆదేశించారు. మనవడు కాసేపు ఆలోచించాడు. "మనం తీసుకోవడం లేదు కదా నానా, చూస్తున్నాం అంతే" అన్నాడు. సరైన ప్రశ్నే. గూటికి మరీ దగ్గరగా పోతే తల్లి లేచి నిలబడుతుందనీ, ఆమె లేచిన ప్రతిసారీ గుడ్లు చల్లబడతాయనీ, పైనుంచి కాకులు చూస్తుంటాయనీ చెప్పాను. బైనాక్యులర్ వాడి చేతికిచ్చాను. ఆ తరువాత వంతెన ప్రస్తావన రాలేదు.

మే మాసం మొదటి భాగంలో నాలుగు రోజులు ఎడతెగని వాన పడింది. కాలువ నీరు రోజురోజుకూ పెరిగింది. నీటి అంచున కట్టే గూళ్ళకు అన్నిటికంటే పెద్ద ముప్పు ఇదే. హంసలు దీనిని చేతులు ముడుచుకుని చూడవు. తల్లి గూటి మీద కూర్చునే మెడ అందినంత మేర తుంగ, రెల్లు, కొట్టుకొచ్చిన చెత్త సైతం లాగి గుడ్ల కిందా చుట్టూ ఇరికించసాగింది. మగహంస నీటిలో నిలిచి అందించసాగాడు. రెండో రోజు సాయంత్రానికి నీరు గూటి అడుగును తాకుతోంది. మూడో రోజు ఫజ్ర్ నమాజు అయ్యాక, తెల్లవారగానే వెళ్ళి చూశాను. గూడు ముందుకంటే జానెడు ఎత్తయింది. చుట్టూ నీరు, నడుమ ఆమె. నాలుగో రోజున వాన ఆగింది. గూటిలో చేరిన వస్తువులలో ఒక నీలిరంగు ప్లాస్టిక్ సంచీ, చిప్స్ పొట్లం కూడా కనిపించాయి. మనిషి పారేసిన చెత్త ఒక్కోసారి ఇలా అక్కరకు వస్తుంది. ఎక్కువసార్లు ప్రాణం తీస్తుంది. ఆ సంగతి తరువాత చెబుతాను.

గుడ్డు పగలడానికి ముందే లోపలి పిల్ల కూస్తుంది. పెంకు లోపలి నుంచి వచ్చే ఆ సన్నని ధ్వనికి తల్లి మెల్లని గొంతుతో బదులిస్తుంది. కాలువకు ఇవతల ఉన్న నాకు అది వినిపించలేదు గాని, మే 25న ఆమె పదే పదే మెడ వంచి తన కిందికి చూసుకోవడం, చెవి ఒగ్గినట్లు నిశ్చలంగా ఉండిపోవడం కనిపించింది. పిల్ల పై ముక్కు కొనన చిన్న గట్టి మొటిమ ఉంటుంది. దానితో పెంకును లోపలి నుంచి చుట్టూ పొడుచుకుంటూ వస్తుంది. గంటల తరబడి సాగే పని అది. బయటపడిన కొద్ది రోజులకే ఆ మొటిమ రాలిపోతుంది. మరునాడు ఉదయం తల్లి రెక్క సందులోంచి బూడిద రంగు తల ఒకటి బయటికి వచ్చింది. మధ్యాహ్నానికి మూడు. 27న అయిదు. ఆరో గుడ్డు పగలలేదు. తల్లి మరొక పూట దాని మీద కూర్చుంది. తరువాత అయిదుగురినీ వెంటబెట్టుకుని నీటిలోకి దిగింది, ఆ గుడ్డు వైపు మళ్ళీ చూడలేదు.

అప్పుడే పుట్టిన హంసపిల్ల బరువు పావు కిలోకు కొంచెం తక్కువ. కడుపులో మిగిలిన పచ్చసొన దానికి మొదటి రోజుల ఆహారం; కనుక వెంటనే తినకపోయినా బతుకుతుంది. పెద్ద హంసలు తోక మొదట ఉన్న గ్రంథి నుంచి ముక్కుతో నూనె తీసి ఈకలకు పూసుకుంటాయి. తల్లి రెక్కల కింద ఒదిగి రాసుకున్నందున పిల్లల నూగుకు ఆ నూనె అంటుతుంది, నీరు లోపలికి ఇంకకుండా కాపాడుతుంది. తల్లి లేకుండా పెరిగే పిల్ల నీటిలో త్వరగా తడిసి చలికి గురికావడానికి ఇదొక కారణం. అలసిన పిల్లలు తల్లి వెనుక నుంచి ఎక్కి, రెక్కల మధ్య కూర్చుంటాయి. తల్లి రెక్కలను కొద్దిగా పైకెత్తి వాటికి గోడలు చేస్తుంది. మనవడు దీనికి 'అమ్మీ పడవ' అని పేరు పెట్టాడు.

హంసలు పిల్లల నోటికి ఆహారం అందించవు. పిల్లల మెడలు పొట్టివి, అడుగున ఉన్న నాచును అందుకోలేవు. పెద్దవి మెడ ముంచి లోతులోని మొక్కలను పీకి పైకి తేలవిడుస్తాయి. కాళ్ళతో నీటిని కలియబెడతాయి. పైకి వచ్చిన తునకలను, చిన్న చిన్న పురుగులను పిల్లలు తామే ఏరుకుంటాయి.

ఈ తొలి గంటలలో మరొక పని జరుగుతుంది. పిల్ల తన కళ్ళ ముందు కదిలే పెద్ద ప్రాణిని తల్లిగా గుర్తించి దాని వెంట నడుస్తుంది. బాతు జాతి పిల్లలలోని ఈ లక్షణాన్ని ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు కాన్రాడ్ లోరెంజ్ గ్రేలాగ్ బాతుపిల్లల మీద విస్తారంగా పరిశీలించారు. తల్లి బదులు తననే మొదట చూసిన పిల్లలు ఆయన వెంట నడిచాయి. ప్రాణుల ప్రవర్తనపై చేసిన కృషికి 1973లో ఆయనకు మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి లభించింది. ముద్దు వచ్చిందని హంసపిల్లను చేతిలోకి తీసుకోవడం ఎంత హానికరమో దీనినిబట్టి ఊహించవచ్చు.

అయిదు పిల్లలు అయిదుగానే ఉండలేదు. జూన్ మొదటి వారంలో నాలుగయ్యాయి. ఆ తరువాత మూడు. ఎలా పోయాయో చూడలేదు. నక్క, మింక్, కాకి, నీటిలో పైక్ అనే పెద్ద వేటచేప, ఇవన్నీ తొలి వారాలలో హంసపిల్లలకు శత్రువులే. రెండోది పోయిన నాడు మనవడు అన్నం సరిగా తినలేదు. వాడికి ఏం చెప్పాలో మా అమ్మాయికీ తోచలేదు. నక్కకూ గూటిలో పిల్లలుంటాయని చెప్పవచ్చు గాని, ఆ రాత్రి చెప్పదగిన మాట కాదని ఊరుకున్నాం.

నక్క వల్ల హంసల సంతతి అంతరించదు. మనిషి వల్ల అంతరించే స్థితి మాత్రం వచ్చింది. హంస నేల మీద, నీటి అడుగున చిన్న రాళ్ళను ఏరి మింగుతుంది. కందనకాయలో ఆ రాళ్ళే ఆహారాన్ని నూరతాయి. గాలంతో చేపలు పట్టేవారు దారానికి బరువు కోసం కట్టే సీసపు గుళ్ళు జారిపోయి అడుగున పడి ఉండేవి. హంస వాటినీ రాళ్ళనుకుని మింగేది. కందనకాయ వాటిని అరగదీసి సీసాన్ని నెత్తురులోకి పంపేది. కండరాలు పట్టు కోల్పోయేవి. అంత పొడవైన మెడ నిలువలేక వీపు మీద వంకరగా వాలిపోయేది. ఆకలితో మెల్లగా చనిపోయేవి. 1960ల నుంచి 1980ల వరకు ఇంగ్లాండు నదులలో, ముఖ్యంగా థేమ్స్‌లో, హంసల సంఖ్య ఘోరంగా పడిపోయింది. మింగినది గింజంత గుండు. చివరకు 1987లో చేపల వేటకు వాడే ఆ పరిమాణపు సీసపు గుళ్ళ అమ్మకాన్ని నిషేధించారు. చేపలు పట్టేవారు ఇతర లోహాలకు మారారు, వారి వేట ఆగలేదు. హంసలు మళ్ళీ పెరిగాయి. ఇంత చిన్న మార్పుతో ఇంత పెద్ద మేలు జరిగిన సందర్భాలు ప్రకృతి రక్షణ చరిత్రలో ఎక్కువ ఉండవు.

నేటికీ తెగిన గాలపు దారాలు, కొక్కేలు హంసల కాళ్ళకూ, నాలుకకూ చిక్కుకుంటాయి. బరువైన పక్షి కనుక గాలిలో వేగంగా మలుపు తిరగలేక విద్యుత్ తీగలకు తగిలి చనిపోతుంది. ఇటీవలి ఏళ్ళలో బర్డ్ ఫ్లూ చాలా హంసలను బలిగొంది. నీటి ఒడ్డున చనిపోయిన లేదా తూలుతున్న పక్షి కనిపిస్తే పిల్లలను ముట్టుకోనివ్వకూడదు.

బ్రిటన్‌లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లల దగ్గరకు ఎందరో తల్లిదండ్రులు వేసవిలో వెళ్తుంటారు. మనవలను వెంటబెట్టుకుని, మిగిలిన రొట్టెముక్కలు పట్టుకుని చెరువు గట్టుకు పోవడం అక్కడ ఇంటింటి అలవాటు. బూజు పట్టిన రొట్టె పక్షికి హాని చేస్తుంది, తినకుండా మిగిలినది నీటిని పాడు చేస్తుంది. పాలకూర, లెట్యూస్ ఆకులు, గోధుమ గింజలు మేలు. వాటిని గట్టు మీద కాక నీటిలో వేస్తే హంసలు బాట మీదికి, కుక్కల నడుమకు రావు. గూటి వద్ద మాత్రం ఏమీ వేయనవసరం లేదు. 1981 నాటి చట్టం ప్రకారం అక్కడ గూటిని చెరచడం, గుడ్లు తీయడం నేరం. తల్లి మెడ నిటారుగా ఎత్తి మన వంక చూస్తోందంటే అప్పటికే మనం దగ్గరైపోయామని అర్థం.

దగ్గరగా చూడాలన్న కోరిక బలంగా ఉన్నవారికి ఒక చోటు ఉంది. దక్షిణ ఇంగ్లాండులోని డోర్సెట్‌లో, చెసిల్ బీచ్ వెనుక ఉన్న ఉప్పునీటి కయ్య ఒడ్డున అబోట్స్‌బరీ అనే గ్రామం. 11వ శతాబ్దంలో అక్కడి క్రైస్తవ సన్యాసులు విందుల కోసం హంసలను పెంచడం ప్రారంభించారు. మఠం పోయి దాదాపు అయిదు శతాబ్దాలైంది, హంసలు ఉన్నాయి. ఇప్పుడు వాటిని ఎవరూ వండరు. తరతరాలుగా మనిషికి అలవాటుపడిన ఆ పక్షులు నడకదారి పక్కనే గూళ్ళు కడతాయి. మే మధ్య నుంచి జూన్ చివరి వరకు గుడ్లు పగిలే కాలంలో సందర్శకులు కొన్ని అడుగుల దూరం నుంచే చూస్తారు. థేమ్స్ నదిలోనూ ఒక పాత ఆచారం ఇలాగే స్వభావం మార్చుకుంది. పడవలలో వెళ్ళి ఆ ఏటి పిల్లలను రాజుకూ, రెండు పాత వర్తక సంఘాలకూ పంచి గుర్తులు వేయడం ఒకప్పటి ఉద్దేశం. హంస మాంసం అప్పుడు ధనికుల విందు. నేడు జూలై మూడో వారంలో అదే పడవలు వెళ్తాయి. పిల్లలను తూచి, గాయాలు చూసి, కాలికి కడియం వేసి వదిలేస్తారు.

మన దగ్గరా గూళ్ళను కాపాడే ఊళ్ళున్నాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు, రంగుల కొంగలు ఇళ్ళ మధ్య చెట్ల మీదే పిల్లలను పెంచుతాయి. చిలమత్తూరు మండలం వీరాపురంలోనూ అంతే. రెట్ట వాసన, పిల్లల అరుపులు, కింద పడే చేపల కంపు, ఇవన్నీ ఆ గ్రామస్థులు ఏటా నెలల తరబడి భరిస్తారు. కాలువకు ఇవతల నిలిచి బైనాక్యులర్‌తో చూసే నా బోటివారి ఓర్పు దాని ముందు ఏపాటిది!

నేను జూలైలో తిరిగి వచ్చేశాను. అప్పటికి మిగిలిన మూడు పిల్లలు బాతులంత పెరిగి, గోధుమ బూడిద రంగు ఈకలతో చూడడానికి ఏమంత అందంగా లేవు. హంసపిల్ల ఎగరడానికి నాలుగైదు నెలలు కావాలి. అక్టోబరులో ఒకరోజు మా అమ్మాయి ఫోను చేసి, మూడూ కాలువ మీదుగా ఎగిరాయని, రెక్కల హోరు వంటింట్లోకి వినిపించిందని చెప్పింది. శీతకాలం ముగిసేసరికి తండ్రి హంస, పిల్లలను కాపాడిన అదే రెక్కల భంగిమతో, వాటినే ఆ మలుపు నుంచి తరిమివేశాడట. మనవడికి అది నచ్చలేదు. తరిమిన పిల్లలు వేరే చోట, తమ ఈడు హంసల గుంపులో కలుస్తాయి. రెండో ఏట తెల్లబడతాయి. తమ సొంత గూడు కట్టడానికి ఇంకా మూడు, నాలుగేళ్ళు పడుతుంది. మార్చి నెలాఖరున పాత జంట అదే రెల్లు అంచున మళ్ళీ కాడలు లాగి భుజం మీదుగా వెనుకకు వేస్తున్నాయని మనవడే ఫోటో పంపాడు. ఇవతలి గట్టు నుంచి తీసినది. హంసలు చాలా చిన్నగా ఉన్నాయి.